ఎలుకలూ సర్దుబాట్లూ

ఎలుకల్ని డబ్బిచ్చి కొనుక్కొచ్చి ఇంట్లో పెంచుకునేవాళ్ళు ఉంటారంటే మా అమ్మమ్మ చచ్చినా నమ్మేది కాదు. ఆవిడకి ఎలుక అంటే గాదెకి కన్నం, పట్టుచీరకి చిల్లు, అర్ధరాత్రి అటక మీద చప్పుడు. అలాంటి అమ్మమ్మకి మునిమనవరాలు, మా అక్క కూతురు, ఏడో తరగతిలో ఉండగా చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ నుంచి రెండు తెల్ల ఎలుకల్ని తెచ్చుకుంది. ఒకటి ఉప్మా, ఇంకొకటి చట్నీ. రెండూ ఆడవే. షాపతనే చెప్పాడట, మగవి రెండిటిని కలిపి పెడితే కొట్టుకుంటాయి, వాసన కూడా ఎక్కువ, ఇంటికైతే ఆడవే నయమని.

షాపతని ఈ మాటతో తర్వాత పనుంది.

ఆ పిల్ల చెప్పుల డబ్బాలు, అట్టముక్కలు కలిపి టేపు అంటించి ఒక చిన్న పద్మవ్యూహం కట్టింది. దాని మధ్యలో వేయించని పల్లీగింజ. ఎలుకలుండే పంజరం తలుపు నేరుగా అందులోకే తెరుచుకునేలా పెట్టింది. మొదటి రాత్రి అవి పల్లీగింజని పట్టించుకున్నట్టే లేదు. ప్రతి సందులోకీ వెళ్ళడం, ప్రతి గోడా వాసన చూడడం, కొంతసేపటికి పంజరంలోకి పరిగెత్తి రావడం, మళ్ళీ బయల్దేరడం. మూడో రాత్రికి దారి వచ్చేసింది. "పిన్నీ, ఇవి చదువుకోవట్లేదు, తిరుగుతున్నాయి. తిరిగితేనే వచ్చేస్తోంది" అంది. ఈ వాక్యం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఎందుకంటే ఎలుకలు ఎలా నేర్చుకుంటాయన్న సంగతి నా జీవితంలోకి అంతకుముందే ఇంకో దారిన వచ్చింది. అది అంత ముచ్చటైన దారి కాదు.

సాహిత్యంలో డాక్టరేట్ చేసిన ఆడవాళ్ళలో చాలామందిలాగే నేనూ కొన్నాళ్ళు నగర శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఒప్పంద ఉద్యోగం చేశాను. అక్కడ ఏడాదికోసారి అధ్యాపకులకి శిక్షణ తరగతి ఉండేది. శిక్షకుడు తెర మీద ఒక గీత చూపించాడు. బోర్లించిన గిన్నెలా ఉంది. ఎడమ పక్క ఒత్తిడి తక్కువ, పనీ తక్కువ. నడినెత్తిన సరిపడా ఒత్తిడి, గొప్ప పనితనం. కుడిపక్కకి జారితే కుంగుబాటు. దీన్ని యర్క్స్-డాడ్సన్ సూత్రం అంటారు, సైన్సు నిరూపించింది అన్నాడు. ప్రసవమై మూడు నెలలకే తిరిగొచ్చిన ఒక సహోద్యోగిని లేచి, వారానికి ఇరవై నాలుగు పీరియడ్లు ఎక్కువవుతున్నాయని చెప్పింది. "మీరింకా గిన్నెకి ఎడమ పక్కనే ఉన్నారు మేడమ్" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో ఈ పత్రిక చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

నా చదువు నాకు నేర్పింది ఒక్కటే, ఏదైనా ఉల్లేఖిస్తే దాని మూలం చూడాలని. వెళ్ళి చూశాను. యర్క్స్, డాడ్సన్‌ల వ్యాసం 1908 నాటిది. అందులో ఒత్తిడి లేదు, ఉద్యోగం లేదు, మనిషే లేడు. ఉన్నవి ఎలుకలు, అవీ "నాట్యమాడే ఎలుకలు". అప్పట్లో అమెరికాలో జనం సరదాకి పెంచుకునే జాతి. పుట్టుకతోనే లోపలిచెవిలో లోపం ఉండడంతో అవి గిరగిరా తిరుగుతూ ఉంటాయి. చూసేవాళ్ళకి అది నాట్యం. హార్వర్డ్‌లో పనిచేసే రాబర్ట్ యర్క్స్ 1907లోనే వాటి మీద ఒక పుస్తకం రాశాడు. ఆ తర్వాతి ప్రయోగంలో ఎలుక ముందు రెండు దారులు, ఒకటి తెలుపు, ఒకటి నలుపు. తెలుపులోకి వెళితే సరి, నలుపులోకి వెళితే కాళ్ళకింద కరెంటు షాకు. తేడా తేలిగ్గా తెలిసేలా ఉన్నప్పుడు షాకు పెంచేకొద్దీ ఎలుక తొందరగా నేర్చుకుంది. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మధ్యరకం షాకు దగ్గర బాగా నేర్చుకుంది, మరీ పెంచితే వెనకబడింది. వాళ్ళు చెప్పింది ఇంతే. తర్వాతి దశాబ్దాల్లో షాకు అన్న మాట జారిపోయి ఉద్వేగం వచ్చింది, అదీ జారిపోయి ఒత్తిడి వచ్చింది. ఎలుక జారిపోయి ఉద్యోగి వచ్చింది. గిన్నె మాత్రం మిగిలింది. మన ఎలుకతోలు పద్యంలో నలుపు తెలుపు కాదన్న నిరాశ ఒక్కటే ఉంది, పాపం వేమన ఎలుకకి కరెంటు పెట్టలేదు.

యర్క్స్ గురించి ఇంకొక్క మాట. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917 నుంచి, అమెరికా సైనికులకి పెట్టిన తెలివితేటల పరీక్షలకి నాయకత్వం వహించింది ఈయనే. జాతుల్ని మేలురకం, నాసిరకం అని విడదీసే సుజనన వాదాన్ని సమర్థించినవాడు కూడా. ఎవరికి ఎంత నేర్చుకునే శక్తి ఉందో కొలిచేవాడు, ముందు ఆ పెట్టె ఎలా ఉండాలో నిర్ణయిస్తాడు. ఆ సంగతి కొలతలో ఎక్కడా కనపడదు.

అదే రోజుల్లో, అదే మసాచుసెట్స్ రాష్ట్రంలో, గ్రాన్‌బీ అనే ఊళ్ళో అబీ లాత్రాప్ అనే ఆవిడ ఉండేది. 1868లో పుట్టింది. బడిపంతులమ్మగా పనిచేసి, ఆరోగ్యం బాగాలేక మానేసి, కోళ్ళ పెంపకం పెట్టి, అది సాగక ఎలుకల్లోకి దిగింది. మొదలుపెట్టింది ఈ నాట్యమాడే ఎలుకలతోనే, పెంచుకునేవాళ్ళకి అమ్మడానికి. కొన్నాళ్ళకి ప్రయోగశాలలు ఆవిడ దగ్గర కొనడం మొదలుపెట్టాయి. హార్వర్డ్‌లో జన్యుశాస్త్రం చేసే విలియం కాజిల్ ఆవిడ ఖాతాదారు. ఏ ఎలుక ఎవరికి పుట్టిందో, దేనితో జతకట్టిందో లాత్రాప్ పుస్తకాల్లో రాసుకునేది. కొన్నిటి ఒంటి మీద గడ్డలు లేస్తున్నాయని కనిపెట్టింది ఆవిడే. అవేంటో చెప్పమని శాస్త్రవేత్తలకి పంపితే లియో లోబ్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు క్యాన్సర్ అని తేల్చాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఎన్నో వ్యాసాలు ప్రచురించారు. అండాశయాలు తీసేసిన ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ తగ్గుతోందని వాళ్ళు చూపించారు. 1918లో ఆవిడ చనిపోయింది. 1921లో క్లారెన్స్ లిటిల్ ఆవిడ పెంచిన సంతతిలోని 57వ నంబరు ఆడ ఎలుక నుంచి ఒక వంశం తీశాడు. దాని పేరు సి57బ్లాక్. ఈ రోజు ప్రపంచంలో జీవశాస్త్ర ప్రయోగశాలల్లో అన్నిటికంటే ఎక్కువగా వాడే ఎలుకల్లో అది ఒకటి. 2002లో ఎలుక జన్యుక్రమం అని ప్రకటించింది కూడా దానిదే.

ఆ పేరులో ఎలుక నంబరు ఉంది, ఆవిడ పేరు లేదు. ఇలాంటివి మనం సాహిత్య చరిత్రలో చాలా చూశాం కాబట్టి ఆశ్చర్యపోలేదు. కానీ నన్ను పట్టుకున్నది ఇంకొకటి. లాత్రాప్ ఎలుకల్ని పెంచి, చూసి, రాసుకుని తెలుసుకుంది. యర్క్స్ షాకిచ్చి తెలుసుకున్నాడు. "పెంపకం" అని మనం చిన్నచూపు చూసే పనిలో ఎంత పరిశీలన ఉంటుందో ఆవిడ పుస్తకాలే సాక్ష్యం. అయినా శిక్షణ తరగతుల తెర మీదికి ఎక్కింది ఆయన గిన్నే.

ఇప్పుడు ముర్గీ చౌక్ షాపతని మాట. ఇంటికి ఆడ ఎలుకలు నయం అన్నాడు. ప్రయోగశాల దీనికి సరిగ్గా తలకిందులుగా అనుకుంది. ఆడ ఎలుకకి నాలుగైదు రోజులకోసారి తిరిగే రుతుచక్రం ఉంటుంది, హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు నిలకడగా రావు, కాబట్టి మగ ఎలుకల మీదే చేద్దాం అని. ఎంతకాలం ఇలా నడిచిందంటే, 2011లో అనలీస్ బీరీ, ఇర్వింగ్ జకర్ అనే పరిశోధకులు లెక్క తీస్తే, నాడీశాస్త్రంలో ఒకే లింగంతో చేసిన జంతు అధ్యయనాల్లో ఆడవాటి మీద ఒకటుంటే మగవాటి మీద 5.5 ఉన్నాయి. అంటే మెదడు ఎలా నేర్చుకుంటుంది, ఎలా గుర్తుపెట్టుకుంటుంది అని మనకి చెబుతూ వచ్చిన దాంట్లో చాలాభాగం మగ మెదడు గురించే. 2014లో జకర్ బృందమే దాదాపు మూడు వందల వ్యాసాలు తిరగేసి ఆడ ఎలుకల ఫలితాల్లో మగవాటికంటే ఎక్కువ ఎగుడుదిగుళ్ళేమీ లేవని చెప్పింది. 2023లో హార్వర్డ్ నుంచి వచ్చిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకెళ్ళింది. ఎలుకల్ని స్వేచ్ఛగా తిరగనిచ్చి వాటి కదలికల్ని గమనిస్తే, నిలకడ లేనివి మగవే అని తేలింది.

నిలకడ లేనిది ఆడది అన్న మాట మనకి కొత్తదేం కాదు, అది ఎలుకల దాకా పాకిందని మాత్రం నాకు అప్పటిదాకా తెలీదు. అన్నట్టు, 2014లోనే కెనడా నుంచి ఇంకో సంగతి బయటికొచ్చింది. ప్రయోగం చేసేది మగవాడైతే, ఆ వాసనకే ఎలుకలు బెదిరి నొప్పిని తక్కువ చూపిస్తున్నాయట. మగవాడు వేసుకున్న చొక్కా పక్కన పెట్టినా అంతేనట. ఇది చదివి ఒక్కదాన్నే గదిలో పెద్దగా నవ్వాను. మన పరిశోధన సెమినార్లు కొన్ని గుర్తొచ్చాయి.

అక్క కూతురు చెప్పిన "తిరిగితేనే వచ్చేస్తోంది" అన్న మాటకి శాస్త్రంలో జవాబు 2021లో దొరికింది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో అరవై మూడు చీలికలున్న చిక్కుదారి కట్టి, ఎలుకల సొంత పంజరం నుంచే దాంట్లోకి సొరంగం పెట్టారు. చీకటి. రాత్రంతా వాటి ఇష్టం. షాకు లేదు, ఎవరూ ఎత్తి తీసుకొచ్చి దింపలేదు. ఎప్పుడనిపిస్తే అప్పుడు ఇంటికి పోవచ్చు. ఒక మూల మాత్రం నీళ్ళు దొరుకుతాయి. సుమారు పదిసార్లు నీళ్ళు దొరికేసరికి వాటికి దారి వచ్చేసింది. మామూలు ప్రయోగాల్లో రెండిట్లో ఒకటి ఎంచుకోవడం నేర్పడానికి వారాలు, వేల ప్రయత్నాలు పడుతుంటాయి. దాహం లేని ఎలుకలు కూడా, ఏ బహుమానమూ అక్కర్లేకుండానే, ఆ దారులన్నీ తిరిగి చూశాయి. ఇంతకాలం ఎలుక మందబుద్ధి అనుకున్నదాంట్లో పెట్టె మందబుద్ధి ఎంతుందో!

ఇంకో ఎలుక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, దాని దగ్గర ఈ ప్రశ్న తిరగబడుతుంది. నేర్చుకోవాల్సింది ఎలుకా, మనమా?

డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లీష్ 1960ల్లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారుచేసిన మొదటి మౌస్ చెక్కపెట్టె. కింద రెండు చక్రాలు, పైన ఒక మీట. తీగ మొదట్లో మణికట్టు వైపు నుంచి తోకలా వచ్చేది కాబట్టి ఆ పేరు నిలిచింది. అడ్డం వస్తోందని తీగని ముందుకి మార్చారు గానీ పేరు మారలేదు. ఎంగెల్‌బార్ట్ ఆలోచన నాకు ఇష్టం, గొడవా ఉంది. యంత్రం తేలిగ్గా ఉండాలని ఆయన పట్టుబట్టలేదు. మనిషి కష్టపడి నేర్చుకుంటే సైకిలు తొక్కినట్టు వేగంగా పోవచ్చు, మూడు చక్రాల బండి దగ్గరే ఎందుకు ఆగాలి అన్నాడు. ఆ తర్వాత ఆపిల్ వాళ్ళు కొత్తవాళ్ళ చేత వాడించి చూసి, తికమక పడుతున్నారని, 1983లో వచ్చిన లీసాకి ఒకే బటన్ పెట్టారు. అక్కడ మౌస్ మనిషికి సర్దుకుంది. ఎవరికి సైకిలు, ఎవరికి మూడు చక్రాల బండి అన్నది ఎవరు నిర్ణయిస్తారు అన్నదే నా గొడవ.

మా అమ్మకి అరవై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు కాలితో కుట్టుమిషను తొక్కిన మనిషి. ఫోనులో అక్షరాలు ఆనడం లేదని, పాత నవలలు కంప్యూటర్ తెర మీద పెద్దవిగా పెట్టుకుని చదువుకోవాలని ఆశపడింది. తమ్ముడు నేర్పడానికి కూర్చున్నాడు. డబుల్ క్లిక్ దగ్గర బండి ఆగింది. ఒకసారి నొక్కి రెండోసారి నొక్కేలోపు చెయ్యి కదిలిపోతుంది, లేదా ఆలస్యమవుతుంది. నాలుగు రోజులయ్యాక వాడు "అక్కా, అమ్మకి ఇంక చేతికి రాదులే" అని తేల్చేశాడు. సూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించే చెయ్యి అది.

విండోస్‌లో మౌస్‌కి ఒక అమరిక ఉంటుంది. రెండు నొక్కుల మధ్య ఎంత వ్యవధి ఒప్పుకోవాలో చెప్పే ఒక జారుడు మీట. మామూలుగా అది అర సెకను దగ్గర ఉంటుంది. పక్కనే పరీక్షించుకోవడానికి ఒక చిన్న ఫోల్డర్ బొమ్మ కూడా ఉంటుంది, సరిగ్గా నొక్కితే తెరుచుకుంటుంది. నేను మీటని ఎడమకి జరిపాను. అమ్మ నొక్కింది. ఫోల్డర్ తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది, మూసుకుంది. పది నిమిషాలు అలా తెరుస్తూ మూస్తూ కూర్చుంది. తర్వాత, "మిషనుకి కుట్టు సైజు తిప్పే మరలాంటిదన్నమాట. మరి వాడు చెప్పలేదేం?" అంది.

వాడికి తెలీదు. వాడి చేతికి ఆ మీట ఎప్పుడూ అవసరం పడలేదు. సర్దుకునే గుణం ఆ వస్తువులో మొదటి నుంచీ ఉంది, కానీ మూడు కిటికీలు తెరిస్తే గానీ కనపడని చోట. మొదటి కిటికీ ముందే "మీకు రాదు" అన్న తీర్పు కూర్చుని ఉంటుంది.

నా సంగతీ ఇంతే. నా సిద్ధాంత గ్రంథం పాత స్త్రీల పత్రికల మీద. హిందూసుందరి, గృహలక్ష్మి సంచికల స్కానింగ్ పుటలు అన్నీ బొమ్మలే, అక్షరం వెతకడానికి వీల్లేదు. పేజీ తిప్పడానికి ఒక క్లిక్కు, పెద్దది చేయడానికి రెండు, లాగి జరపడానికి ఒకటి. నాలుగేళ్ళు. మూడో ఏడాదికి కుడి మణికట్టు, ఆపైన భుజం. డాక్టరు ఇంటిపని తగ్గించమన్నాడు. భుజాలు ఇరుకుగా ఉన్నవాళ్ళకి, కీబోర్డు కుడిపక్కన అంకెల గడులు దాటి మౌస్ అందుకోవాలంటే చెయ్యి పక్కకి చాపాల్సి వస్తుంది. చిన్న అరచేతికి పెద్ద మౌస్ పట్టుకోవడానికి తన బలంలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. ఇది ఇంటిపని కాదు, బల్ల కొలత. అంకెల గడులు లేని పొట్టి కీబోర్డు కొనుక్కున్నాను, మౌస్ దగ్గరికొచ్చింది, నొప్పి తగ్గింది. కాలేజీలో కూడా అలాంటిదొకటి ఇమ్మని రాతపూర్వకంగా అడిగాను. ఆ ఏడాది నా పనితీరు పత్రంలో "అడాప్టబిలిటీ" గడిలో ఐదుకి రెండు వచ్చింది.

ఆ గడిని తెలుగులోకి అనువదిస్తే వచ్చే మాట సర్దుకుపోవడం. మౌస్‌కి అది గుణం, డబ్బా మీద అచ్చువేసి అమ్ముతారు. మనకైతే అది అత్తగారింటికి వెళ్ళేరోజు గడప దగ్గర చెప్పే మాట. అబ్బూరి ఛాయాదేవి "బోన్‌సాయ్ బ్రతుకు" చదివిన తరానికి కుండీకి సరిపడా వేళ్ళు కత్తిరించుకోవడం అంటే ఏమిటో తెలుసు. అలా కత్తిరించుకోవడాన్ని నేర్చుకునే శక్తి అని మెచ్చుకున్నప్పుడు నాకు నలుపు తెలుపు పెట్టె గుర్తొస్తుంది.

ఇది పాతబడిన గొడవ, ఇప్పుడంతా ఫోన్లే కదా అని ఒక మిత్రురాలు అంది. ఫోన్లు వచ్చాకే కొత్తగా మొదలైంది. ఎంసెట్ 2018 నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ మీద రాసే పరీక్ష అయింది, తర్వాత ఈఏపీసెట్ అని పేరు మారింది. ఫోను తప్ప వేరే తెర ఎరగని పల్లెటూరి పిల్లలు కొందరు మౌస్‌ని మొదటిసారి గట్టిగా పట్టుకునేది ఆ కేంద్రంలోనే. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు, ప్రతి జవాబూ ఒక క్లిక్కు. అక్కడ ఏ మీటా జరపడానికి వీలుండదు.

నా విద్యార్థిని ఒకమ్మాయిది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఇంట్లో వాతపెట్టి మాన్పించబోయినా మానలేదట. కేంద్రంలో మౌస్ కుడిపక్కన ఉంది, తీగ పొట్టిది, ఎడమకి రావట్లేదు. ఇన్విజిలేటర్‌ని అడిగితే "అడ్జస్ట్ చేసుకోమ్మా" అని పక్క వరసకి వెళ్ళిపోయాడు. ఈ పరీక్షలో కీబోర్డుతో పనేం లేదు కదా అని ఆ పిల్ల ఆలోచించి, దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అడ్డు తొలగిపోయేసరికి తీగ తెర కిందుగా ఎడమ అంచు దాకా వచ్చింది. బటన్లు తిరగబడే ఉన్నాయి, అందుకని చూపుడువేలు పక్కకి తీసి మధ్యవేలితో నొక్కి చూసుకుంది. పరీక్ష మొదలవడానికి అప్పటికింకా నాలుగు నిమిషాలుందట.